ఎవరికీ అక్కర్లేని ముద్దాయి వేషం

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా సోఫాలో కూలబడి ఫోన్ తీస్తే, మన తెలుగువాళ్ళ గ్రూపులో ఒక ఫొటో కనబడింది. హైస్కూలు పిల్లలు కొందరు నల్లగౌన్లు తొడుక్కుని, చేతుల్లో ఫైళ్ళు పట్టుకుని, కోర్టు మెట్ల మీద వరసగా నిలబడి నవ్వుతున్నారు. అంటే మాక్ ట్రయల్ అనే ఉత్తుత్తి కోర్టు పోటీల సీజన్ మళ్ళీ మొదలైందన్నమాట అనుకుని, పిల్లల మొహాలు ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూస్తూ నేనూ నవ్వుకున్నాను. కింద అభినందనలు బారులు తీరి ఉన్నాయి. ఆ అభినందనల మధ్యలో మాట ఎటునుంచి ఎటు మళ్ళిందో గానీ, ఒక పెద్దమనిషి ఇండియా నుంచి ఇక్కడి కాలేజీలకు వచ్చిన స్టూడెంట్ల మీదికి వెళ్ళిపోయారు. ఆ నాలుగైదేళ్ళూ ఈ స్టూడెంట్లు ఎగబడి వచ్చి మన పేరంతా చెడగొట్టారట, బస్సులో చూసినా షాపులో చూసినా వాళ్ళేనట, గవర్నమెంటు వీసాల తలుపులు బిగించాక గానీ మనకు ఊపిరాడలేదట. ఆ మాటకు ఎంతమంది బొటనవేళ్ళు ఎత్తారో లెక్కపెట్టడానికి కూడా మనసొప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే, ఆ పెద్దమనిషి ఇంటి నేల కింది బేస్‌మెంట్‌లో ఆ రోజుల్లో ఆరుగురు స్టూడెంట్లు ఉండేవారని నాకు తెలుసు. ఆయన వాకిట్లో మంచు ఎత్తిపోసింది వాళ్ళు, ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆయన అత్తగారిని ఆస్పత్రికి తీసుకుపోయింది వాళ్ళు. అద్దె తీసుకున్నంత కాలం తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. అవసరం తీరాక పేరు చెడగొట్టినవాళ్ళు. ఈ సంగతంతా వేళ్ళు నొప్పెట్టేలా టైపు చేశాను, పంపే ముందు ఒకసారి చదువుకున్నాను, చదువుకుని మొత్తం చెరిపేశాను. ఆయన గురించి రాయాలంటే ముందు నా గురించి రాయాలి మరి.

నేను కెనడా రాకముందు తణుకు మున్సిఫ్ కోర్టులో పదకొండేళ్ళు ప్లీడరుగా పనిచేశాను. పేరుకు ప్లీడరునే గానీ ఎక్కువ భాగం మా సీనియరు గారి వెనక ఫైళ్ళు మోసుకుంటూ, వాయిదాలు రాసుకుంటూ గడిచిపోయింది. అయినా ఆ నల్లకోటు వేసుకుని కోర్టు వరండాలో నడిచినప్పుడు నాకు కలిగిన ధీమా ఆ తరవాత ఎక్కడా కలగలేదు. మా సీనియరు గారు ఒక్క విషయం మాత్రం నాకు రోజూ బల్ల గుద్ది చెప్పేవారు. అవతలి పక్షం సాక్షికి ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు ఎన్ని అడిగినా ‘ఎందుకు’ అని మాత్రం అడగకూడదు. వచ్చావా, చూశావా, సంతకం పెట్టావా, అవునా కాదా, అంతే. ‘ఎందుకు’ అన్నామా, పగ్గం సాక్షి చేతికి ఇచ్చేసినట్టే, వాడు ఎక్కడికి లాక్కుపోతాడో ఆ దేవుడికే తెలియాలి అనేవారు.

మా వారికి కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి ఇక్కడికి వచ్చాక నా ప్లీడరీ చెల్లని నోటు అయిపోయింది. ఇక్కడ మళ్ళీ పరీక్షలన్నీ రాయాలన్నారు, రాసే ఓపిక, తీరిక ఆ వయసులో నాకు లేకపోయాయి. ఒక గోదాములో పెట్టెల మీద లేబుళ్ళు అంటించే పనిలో చేరాను. నల్లకోటు సూట్‌కేసు అడుగున కలరా ఉండల మధ్య పడుకుంది. నా ఈడువాళ్ళలో ఇలాంటి సూట్‌కేసు లేని ఇల్లు ఉండదనుకుంటాను. అందుకే, మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా వాళ్ళ లా టీచరు ఫోన్ చేసి, మీరు ఇండియాలో లాయరట కదా, మా మాక్ ట్రయల్ పిల్లలకు కాస్త తరిఫీదు ఇస్తారా అని అడిగినప్పుడు, నేను గోదాము బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఈ దేశంలో నా చదువు గురించి నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు.

స్టూడెంట్లు విపరీతంగా వస్తున్న కాలం అది. కాలేజీ వైపు వెళ్ళే బస్సులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒక్క గది దొరకాలంటే ఇరవై ఇళ్ళు తిరగాలి. మా చర్చిలో సగం కుటుంబాలు బేస్‌మెంట్లు అద్దెకిచ్చాయి, మేమూ ఇచ్చాం. మాకు ముగ్గురు అమ్మాయిలు ఉండేవారు. ఇద్దరు రెస్టారెంట్లో పనిచేస్తూ అక్కడే తినేసి వచ్చేవారు. నేను చెప్పబోయేది మూడో అమ్మాయి గురించి. నల్గొండ వైపు పిల్ల, కాలేజీలో చదువుకుంటూ రాత్రిళ్ళు ఒక రొట్టెల ఫ్యాక్టరీలో పని చేసేది. సాయంత్రం అయిదున్నరకు బస్సు దిగి వచ్చి, మళ్ళీ ఎనిమిదింటికి వెళ్ళిపోయేది. మా బేస్‌మెంట్‌లో వంటగది లేదు, పైన మా వంటగదిలోనే వాళ్ళూ వండుకోవాలి.

అక్కడే నా ప్లీడరీ నిద్రలేచింది. అందరిలా ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసి ఫ్రిజ్‌కి అంటించకుండా, నేను ఏకంగా దస్తావేజు తయారు చేశాను. ‘సదరు వంటగదిని రాత్రి ఎనిమిది గంటల వరకు మాత్రమే ఉపయోగించుకొనుటకు, తమ అద్దె గదులలో ఏ విధమైన పొయ్యియు వెలిగించకుండుటకు మనఃపూర్వకముగా సమ్మతించి వ్రాసి యిచ్చిన ఒడంబడిక’ అని, పదిహేడు షరతులతో, మా సీనియరు గారు చూస్తే మెచ్చుకునేంత పకడ్బందీగా రాసి, ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాను. ఆ పిల్లలు కళ్ళప్పగించి చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకుని సంతకం పెట్టారు. ఏళ్ళ తరవాత ఒక దస్తావేజు రాసినందుకు ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.

ఇక మాక్ ట్రయల్ సంగతి. పోటీ నడిపేవాళ్ళు ప్రతి ఏడూ ఒక కల్పిత కేసు రాసి బళ్ళన్నిటికీ పంపుతారు. పిల్లల్లో కొందరు క్రౌన్ తరపు, అంటే ప్రభుత్వం తరపు లాయర్లు, కొందరు ముద్దాయి తరపు లాయర్లు, మిగిలినవాళ్ళు సాక్షులు. ముద్దాయి కూడా ఒక వేషమే. ఎవరి వాంగ్మూలం వాళ్ళకు కాగితం మీద రాసి ఇస్తారు, దాన్ని దాటి సొంతంగా కల్పిస్తే మార్కులు తెగ్గోస్తారు. ఆ ఏడు వచ్చిన కేసు ఏమిటంటే, ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్న స్టూడెంటు, వద్దన్నా వినకుండా గదిలో కరెంటు పొయ్యి పెట్టుకుని, నిర్లక్ష్యంతో ఇల్లు తగలబడటానికి కారణమైనట్టు నేరారోపణ. అది చదివి నేను, కాలానికి తగ్గ కేసే ఇచ్చారు అనుకున్నాను గానీ, ఇంకేమీ అనుకోలేదు.

జట్టులో సగం మంది మన పిల్లలే. టీచరు చీట్లు వేస్తే ముద్దాయి వేషం ఒక తెలుగు కుర్రాడికి పడింది. అర్ధగంటలో వాళ్ళమ్మ గారి ఫోన్. “మీరే చెప్పండి అక్కా, పిల్లాణ్ణి తీసుకెళ్ళి బోనులో నిలబెడతారా? రేపు సంబంధాలొచ్చినప్పుడు ఎవరైనా ఆ వీడియో చూస్తే?” పదహారేళ్ళ వాడికి సంబంధాలట! సరేనని రెండో పిల్లకు ఇస్తే, ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి, అదే పీఆర్ కోసం ఎదురుచూస్తున్న వాళ్ళ నాన్నగారు నేరుగా మా ఇంటికే వచ్చారు. “మా పీఆర్ ఫైల్ ప్రాసెస్‌లో ఉందండీ. రేపు ఎవరన్నా ఆన్‌లైన్‌లో వెతికితే పాప పేరు పక్కన అక్యూజ్డ్ అని వస్తే ఎలాగండీ? క్రౌన్ లాయరు ఇప్పించండి, కావాలంటే జడ్జి దగ్గర బంట్రోతు వేషమైనా ఫర్వాలేదు” అన్నారు. మూడో ఇంట్లో పాప ఒప్పుకున్నా నాయనమ్మ గారు ఒప్పుకోలేదు. ఏం మనుషులండీ మనం! ముద్దాయిగా అధికారి ముందు నిలబెట్టబడిన ప్రభువును ఆదివారం ఆదివారం ఆరాధిస్తాం, మన పిల్ల మాత్రం ఆటకైనా బోనెక్కకూడదు. అందరికీ కేసు పెట్టేవాడి పక్కన కుర్చీయే కావాలి. ఆ వారమంతా నేను గోదాములో లేబుళ్ళు వంకరగా అంటించాను, అంత కోపం వచ్చింది.

చివరికి మా అమ్మాయి, అప్పటికే క్రౌన్ తరపు మొదటి లాయరు అయి ఉండి కూడా, “ఐ విల్ డూ ఇట్, మా” అని ఆ వేషం తీసుకుంది. నేను పొంగిపోయి, నా పెంపకం చూశారా అన్నట్టు చర్చిలో నలుగురికీ చెప్పుకున్నాను.

వారానికి మూడు సాయంత్రాలు మా ఇంట్లో ప్రాక్టీసు. మా భోజనాల బల్ల వంటగదిని ఆనుకునే ఉంటుంది. పిల్లలు లేచి అభ్యంతరాలు చెప్తుంటే పక్కన పొయ్యి మీద ఫ్యాను మోత, కుక్కరు ఈలలు. నాకు చిర్రెత్తుకొచ్చి దస్తావేజుకు పద్దెనిమిదో షరతు కలిపాను. ‘ప్రాక్టీసు జరుగు సాయంత్రములందు సదరు వంటగది అయిదు గంటల నుండి తొమ్మిది గంటల వరకు మూసివేయబడును.’ కిందవాళ్ళెవరూ మారు మాట్లాడలేదు. తలుపు దగ్గరికి వేసుకుని, నేను జట్టు పిల్లలకు న్యాయం ఎలా అడగాలో నేర్పాను. ఎదురు ప్రశ్నల్లో ‘ఎందుకు’ వద్దని మా సీనియరు గారిలాగే బల్ల గుద్ది చెప్పాను. మా అమ్మాయి మాత్రం తన వంతు కాగానే కిందికి వెళ్ళిపోయేది. స్టూడెంటు ఎలా బతుకుతుందో తెలియకుండా ఆ వేషం ఎలా వేస్తానని, కింద అక్కతో కూర్చుని కబుర్లు చెప్పుకునేది.

పోటీ ఇంకో పది రోజులుందనగా, ఒక శనివారం మధ్యాహ్నం నేను ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఫిల్టరు మార్చడానికి బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆ అమ్మాయి గది తలుపు తీసి ఉంది. మంచం కింద, తువ్వాలు కప్పి, ఒక చిన్న కరెంటు పొయ్యి. చేతిలో ఉన్న కేసు కళ్ళ ముందు నిజమై కూర్చున్నట్టుంది, ఆ వెనకే నాకు కోపం ముంచుకొచ్చింది. పైకి పిలిచి దస్తావేజు ముందు పెట్టాను. ఇది నీ సంతకమేనా? అవునంది. ఈ షరతు చదివావా? చదివానంది. పొయ్యి నీదేనా? నాదేనంది. ఇంకేం కావాలి? నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాను. ఆ అమ్మాయి దస్తావేజు వంక చూసి, “సరే ఆంటీ. పరీక్షలు రెండు నెలల్ల అయిపోతయ్, అందాంక ఉండనిస్తరా?” అని ఒక్కసారి అడిగింది. రూలు రూలే అన్నాను. ఎదురు చెప్పలేదు కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టేనని లెక్క వేసుకున్నాను.

మా అమ్మాయి ఆ రాత్రి అన్నం దగ్గర అలిగింది. ఈ చలిలో, పరీక్షల ముందు, గది ఎక్కడ దొరుకుతుంది, ఏప్రిల్ దాకా ఉండనివ్వు అని బతిమాలింది. “డిడ్ యూ ఈవెన్ టాక్ టు హర్?” అంది. సాక్ష్యం స్పష్టంగా ఉంటే మాట్లాడేదేముందన్నాను. ఇల్లు తగలబడితే ఇన్సూరెన్సు వాడు ఊరుకుంటాడా అని మా వారు కూడా నాకే వత్తాసు పలికారు.

పోటీ అసలు కోర్టు భవనంలోనే జరిగింది, స్కూలు అయ్యాక, నిజం కోర్టు లేచిపోయిన వేళకు. న్యాయమూర్తి స్థానంలో ఊళ్ళోని ఒక లాయరమ్మ కూర్చుంది. మన తల్లిదండ్రులంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని, బోను తప్పించి తమ పిల్లల లాయర్ల బల్ల కనబడేలా కుర్చీలు పట్టుకున్నారు. ఆ పూట ముద్దాయి పక్షం మా బడి, క్రౌన్ పక్షం ఇంకో ఊరి బడి. ఆ పక్షం లాయరు పిల్ల చక్కగా, వరసగా అడుగుతోంది. గది అద్దెకు తీసుకున్నావా? ఒప్పందం మీద సంతకం పెట్టావా? పొయ్యి వద్దని అందులో ఉందా? మా అమ్మాయి అవును, అవును అంటోంది. అక్కడితో కూర్చుని ఉంటే కేసు వాళ్ళదే. కానీ ఆ పిల్ల ఊపులో ఉంది, మరి ఎందుకు పెట్టుకున్నావు అని అడిగేసింది.

నేను కుర్చీలో ఎగిరినంత పని చేశాను. దొరికిపోయారు, పగ్గం ఇచ్చేశారు అనుకున్నాను. కాగితం మీద ఉన్న జవాబు నాకు కంఠతా వచ్చు. సౌకర్యంగా ఉంటుందని, అంతే. మా అమ్మాయి ఆ జవాబు చెప్పలేదు. ఇంగ్లీషులో, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. క్లాసయ్యి నేను అయిదున్నరకు ఇంటికి వస్తాను, ఎనిమిదింటికి పనికి వెళ్ళాలి, ఈ మధ్యలోనే వండుకుని తినాలి. వారంలో మూడు రోజులు ఆ వేళకు వంటగది మూసేస్తున్నారు. పైన పిల్లలు ఒక పోటీకి తయారవుతున్నారు, వాళ్ళకు నిశ్శబ్దం కావాలి. మొదట్లో ఆ మూడు రోజులూ బ్రెడ్డు తిని వెళ్ళాను. ఒకరోజు ఫ్యాక్టరీలో కళ్ళు తిరిగి పడ్డాక ఈ పొయ్యి కొన్నాను. ఇంటావిడకు చెప్పలేదా అని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. చెప్పాలనుకున్నాను, కానీ ఆవిడ పిల్లలకు న్యాయం నేర్పుతున్నారు, అడ్డం వెళ్ళకూడదనుకున్నాను, అంది మా అమ్మాయి.

క్రౌన్ పిల్లలు లేచి ఇదంతా వాంగ్మూలంలో లేదని అభ్యంతరం చెప్పారు. లాయరమ్మ కళ్ళజోడు తీసి, నువ్వే కదమ్మా అడిగావు అన్నట్టు చిన్నగా నవ్వింది. ముద్దాయి నిర్దోషి అని తీర్పు వచ్చింది, కాగితం దాటి మాట్లాడినందుకు మార్కులు పోయి మా జట్టు పోటీలోంచి పోయింది. బయట కారిడార్లో ఒకరి తరవాత ఒకరు నా దగ్గరికి వచ్చారు. నాయనమ్మ వద్దన్న పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుని, “మార్కులు పోతే పోయాయి గానీ అక్కా, మీ అమ్మాయి ఎంత బాగా కల్పించిందండీ!” అంది. నేను అవునండీ అన్నాను.

కారు మా ఇంటి సందులోకి తిరిగాక మా అమ్మాయి, కిటికీలోంచి చూస్తూనే, “దే ఆస్క్‌డ్ మీ, మా” అంది. ఆ లాయరు పిల్ల ‘ఎందుకు’ అని అడిగింది, నేను అడగలేదు. నా ఇంట్లో, నా బల్ల ముందు నిలబెట్టి, మూడు ప్రశ్నలు వేసి, నాలుగోది వేయకుండా శిక్ష వేశాను. మా సీనియరు గారు ఆ సూత్రం అవతలి పక్షం సాక్షి కోసం చెప్పారు. ఇంట్లో అన్నం వండుకునే పిల్లను నేను అవతలి పక్షంలో ఎప్పుడు కూర్చోబెట్టానో నాకే తెలియదు.

బూట్లు విప్పకుండానే కిందికి దిగాను. ఆ అమ్మాయి పనికి తయారవుతోంది, గోడ వారగా రెండు సూట్‌కేసులు సర్ది ఉన్నాయి. ఎక్కడికీ వెళ్ళొద్దు, పరీక్షలయ్యేదాకానే కాదు, నీ ఇష్టమున్నన్నాళ్ళు ఉండు, వంటగది ఎప్పుడంటే అప్పుడు వాడుకో, నాది తప్పు అన్నాను. ఇంతా చెప్పాక ఆ పిల్ల, “పాప గెలిచిందా ఆంటీ?” అని అడిగింది. గెలిచిందన్నాను. సంతోషంగా నవ్వి, “లేదాంటీ, వేరే దొరికింది, రేపు పొద్దున పోతున్న” అంది. తరవాత తెలిసింది, ఆ దొరికిన చోట రెండు గదుల్లో ఎనిమిది మంది ఉండేవారట. నేను మెట్ల దాకా వచ్చాక కాస్త జంకుతూ నన్ను ఆపింది. “ఆంటీ, ఆ కాగితం మీద నా సంతకం ఉంది కదా. రూల్ తప్పిన అని ఉంటే, రేపు నా పీఆర్‌కు ఏమన్న అడ్డమైతదా?” అంది. నేను పైకి వెళ్ళి ఆ దస్తావేజు తెచ్చి, ఆమె ముందే చింపాను. అప్పుడు గానీ ఆ పిల్ల ఊపిరి తీసుకోలేదు. పొద్దున్నే, మేము లేచేసరికి వెళ్ళిపోయింది. గది తుడిచి, తాళంచెవి వంటగది గట్టు మీద పెట్టింది. మా అమ్మాయికి ఒకటి రెండేళ్ళు మెసేజీలు పెట్టేది, తరవాత అవీ ఆగిపోయాయి. పీఆర్ వచ్చిందో, తిరిగి వెళ్ళిపోయిందో తెలియదు.

ఇప్పుడు కాలేజీ బస్సు సగం ఖాళీగా పోతోంది. మా బేస్‌మెంట్‌లో పాత సామాను తప్ప ఎవరూ లేరు. మా అమ్మాయి చదువుకని వేరే ఊళ్ళో ఉంటోంది. వంటగదికి వేళాపాళా లేదు, తలుపు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, మా ఇద్దరికీ ఒక పూట వండితే రెండు పూటలు వస్తుంది. ఆ రోజుల్లో ఆ వేళకు కింద నుంచి మెట్ల మీద అడుగుల చప్పుడు వస్తే విసుక్కునేదాన్ని. అయిదున్నరకు బస్సు ఆగిన చప్పుడైతే ఇప్పటికీ నా చెవి అటే పోతుంది, ఎవరూ దిగరు.

ఇదంతా గుర్తు చేసుకుని, చీర మార్చుకుని, మళ్ళీ ఫోన్ తీశాను. ఆ పెద్దమనిషి మాట కింద బొటనవేళ్ళు ఇంకా పెరిగాయి. ఈసారి తిట్టలేదు. ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు వేయాల్సిన పద్ధతిలోనే, సూటిగా, చిన్నగా రాశాను. “అయ్యా, స్టూడెంట్లు మన ఇళ్ళల్లో ఉన్నప్పుడు, మాక్ ట్రయల్ ప్రాక్టీసు రోజుల్లో మా ఇంట్లో వంటగది అయిదింటికే మూసేవాళ్ళం. మూసింది నేనే. మీ ఇంట్లో ఎన్నింటికి మూసేవారు?”

అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. వారం కావస్తోంది, జవాబు రాలేదు.